'లార్జెస్' అనే మాటా, మన వాటా
(హనుమాన్ జంక్షన్‌లో స్త్రీల హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం స్త్రీల ఆస్తి హక్కు. దాన్ని నేనొక ఇంగ్లీషు మాటతో మొదలుపెడతాను. చట్టం చెప్పమంటే ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టిందేమిటీ అనుకోకండి. మన కోర్టు తీర్పులు ఇంగ్లీషులో వస్తాయి. మన బతుకులు తెలుగులో నడుస్తాయి. ఈ రెంటి మధ్యా కొన్ని మాటలు చేసే పని మన కంటికి కనపడదు. అలాంటి మాటల్లో ఒకటి 'లార్జెస్'.

నిఘంటువు తీస్తే ధారాళంగా ఇవ్వడం అనీ, అలా ఇచ్చిన సొమ్ము అనీ రెండర్థాలు కనిపిస్తాయి. తెలుగులో ఔదార్యం, వదాన్యత, ఈవి అని రాస్తారు. అది తప్పేం కాదు. కానీ ఆ మాటలో ఇంకో సంగతి దాగి ఉంది. గిఫ్టు సమానులు ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు. చారిటీ అనే మాట మూలంలో ప్రేమ అనే అర్థం ఉంది. లార్జెస్ మాత్రం ఎప్పుడూ పెద్దవాళ్లు చిన్నవాళ్లకు ఇచ్చేదే. కూలికెళ్లే మనిషి పక్కింట్లో పొయ్యి వెలగలేదని సోలెడు బియ్యం పెడితే దాన్ని ఎవరూ లార్జెస్ అనరు. ఎంత ఇచ్చారన్నది కాదు, ఎవరిచ్చారన్నదే ఆ మాటకు పట్టింపు.

ఇది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట, దాని వెనక లాటిన్ ఉంది. పెద్ద అనే అర్థంలో మన పిల్లలు బడిలో నేర్చుకునే 'లార్జ్' దీనికి తోబుట్టువే. మధ్యయుగాల్లో రాజుల పట్టాభిషేకాల్లోనూ, యోధుల పోటీల్లోనూ వందిమాగధులు 'లార్జెస్, లార్జెస్' అని కేకలు పెట్టేవాళ్లు. ప్రభువులు నాణేలు విసిరేవాళ్లు. అంతకు ముందు, చివరి దశలో ఉన్న రోమన్ సామ్రాజ్యంలో ఖజానా చూసే పెద్ద ఉద్యోగికి ఒక బిరుదు ఉండేది. తెలుగు చేస్తే 'పవిత్ర ఔదార్యాల అధికారి' అని వస్తుంది. ఆయన శాఖ చేసే పనేమిటంటే, జనం దగ్గర పన్నులు వసూలు చేయడం, చక్రవర్తి పేరు మీద సైనికులకు సొమ్ము పంచడం! రైతు గాదెలోంచి తెచ్చినదానికి పన్ను అని పేరు. అదే సొమ్ము తిరిగి పంచేటప్పుడు పవిత్ర ఔదార్యం. పదహారు వందల ఏళ్ల కిందటి ఈ కిటుకు మీకు ఎక్కడో చూసినట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇంగ్లీషులోనే మరో చిత్రం ఉంది. 'లార్డ్' అనే మాటకు పాత ఇంగ్లీషులో అర్థం రొట్టెకు కాపలా ఉండేవాడు అని. 'లేడీ' అంటే రొట్టె పిండి పిసికేది. పిసికే మనిషి పిసుకుతూనే ఉంటుంది. కాపలా ఉన్నవాడు తలా ఒక ముక్క విరిచి ఇస్తే అది లార్జెస్. మన ఇళ్లలో ఎసరు పెట్టేది ఎవరో, అన్నదాత బిరుదు ఎవరిదో మీకు నేను చెప్పాలా?

ఇక కళ్లం దగ్గరికి వద్దాం. ఇంగ్లండు తూర్పు ప్రాంతంలో నార్ఫోక్, సఫోక్ అనే జిల్లాలున్నాయి. అక్కడ 19వ శతాబ్దంలో కూడా కోతలప్పుడు కూలీలు దారిన పోయే పెద్దమనుషుల్ని ఆపి 'లార్జెస్' అని అడిగేవాళ్లు. చిల్లర పడితే అందరూ గుండ్రంగా నిలబడి గొంతెత్తి ఆ మాటే అరిచేవాళ్లు. పొలం పండించిందీ వాళ్లే, చేయి చాచిందీ వాళ్లే. ఆ సఫోక్ జిల్లాలోనే 1780లలో మేరీ హౌటన్ అనే ఆమె కోత అయిపోయిన చేలో పరిగె ఏరుకుంది. మన ఊళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఏరుకున్న పరిగే. అక్కడా తరతరాలుగా పేద స్త్రీలు చేస్తూ వచ్చిన పనే. భూమి గల ఆసామి కోర్టుకెక్కాడు. 1788లో నలుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు, పరిగె ఏరుకోవడానికి చట్టంలో హక్కేమీ లేదని తీర్పు చెప్పారు. ఆసామి ఇష్టపడి ఏరుకోనిస్తే ఆయన ఔదార్యం. ఇష్టపడకపోతే ఆమె చేసింది అక్రమ ప్రవేశం. ఒడిలో ఉన్నది అవే గింజలు. పేరు మారేసరికి ఆమె ముద్దాయి అయింది.

మన కృష్ణా డెల్టాలో దీన్ని పక్కన పెట్టి చూడదగ్గ మాట ఒకటి ఉండేది, మేర. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు చాకలికి ఇంత, మంగలికి ఇంత, కమ్మరికి, వడ్రంగికి, నీరు కట్టే నీరటికాడికి ఇంత అని కుప్ప ఇల్లు చేరకముందే తీసేవాళ్లు. అది దానం కాదు. ఏడాది పొడుగునా చేసిన పనికి వాటా. కంపెనీ దొరల రెవెన్యూ కాగితాల్లో కూడా ఈ మేరలు లెక్కకెక్కాయి. అలాగని ఆ రోజుల్ని నేను పొగడటం లేదు. మేర వెనక కులం ఉంది, వెట్టి ఉంది, చాకిరీ అంతా ఇంటిల్లిపాదిదీ అయితే కొలిచి పోసేది మగవాడి గోతంలో. చాకలి ఇంటి స్త్రీ రేవులో బండకేసి ఉతికిన బట్టల లెక్క ఏ మేరలోనూ విడిగా లేదు. నేనంటున్నది మాట సంగతి. మేర అన్నంతకాలం అడిగేవాళ్లకు నోరు ఉంటుంది, తగ్గిస్తే కళ్లంలో నిలబడి తగవు పెట్టుకోవచ్చు. అదే గింజల్ని దయాధర్మం అన్నారా, ఇక తగవు పెట్టుకునే వీలు లేదు. దణ్ణం పెట్టి పోవడమే.

ఇప్పుడు ఇంటి గుమ్మం లోపలికి వద్దాం. మన ప్రాంతంలో ఆడపిల్లకు పెళ్లిలో పొలం ఇస్తే పసుపు కుంకుమల కింద ఇచ్చామంటారు. 'మా నాన్న నాకు రెండెకరాలు పసుపు కుంకుమ కింద ఇచ్చాడు' అని ఎంతో అపురూపంగా చెప్పుకుంటాం. ఆ అపురూపాన్ని నేను వెక్కిరించను. కొడుకులకు ఇచ్చినప్పుడు ఏమంటారో మాత్రం గమనించండి. పంచి ఇచ్చాడంటారు, భాగం పెట్టాడంటారు. కొడుక్కి వచ్చింది వాటా, కూతురికి వచ్చింది కానుక. భూమి ఒక్కటే, గట్టు ఒక్కటే, అదే కాలవ నీళ్లు. కొడుకు తన వాటా అమ్ముకుంటే వాడి ఇష్టం. కూతురు తన పసుపు కుంకుమ పొలం గురించి మాట్లాడితే, ఇచ్చిన దాంతో తృప్తి లేదా అంటారు. దస్తావేజు రాయించకుండా నోటిమాట మీద ఇచ్చిన పొలాలు ఎన్ని ఉన్నాయో ఈ సభలో చేతులెత్తమంటే తెలుస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. శిస్తు ఏటా తెచ్చి ఇస్తున్నాడు కదా అన్నయ్య అని ఊరుకుంటే, ఆ అన్నయ్య పోయాక వదినా మేనల్లుళ్లూ ఏ కాగితం చూపించమంటారు?

ఈ కానుకా వాటా తేడా పేరంటాల్లో మాట్లాడుకునే పట్టింపు అనుకుంటారేమో. కాదు. దాని మీద సుప్రీంకోర్టు దాకా నడిచిన కేసు మన తెలుగు గడ్డదే. వడ్డెబోయిన తులశమ్మ కేసు. నెల్లూరు కోర్టులో మొదలైంది. మన ఉద్యమాల్లో ఆమె పేరు తలుచుకోవలసినంతగా తలుచుకోలేదని నా ఫిర్యాదు.

తులశమ్మ భర్త 1931లో చనిపోయాడు. ఉమ్మడి కుటుంబం. ఆస్తి భర్త సవతి సోదరుడి చేతిలో ఉంది. అప్పటికి 1937 చట్టం కూడా రాలేదు, కాబట్టి వితంతువుకు ఉన్నది మనోవర్తి హక్కు ఒక్కటే. అదీ ఎవరూ పెట్టలేదు. 1944లో ఆమె కోర్టు ఫీజు కట్టే స్తోమతు లేదని చెప్పుకుని నెల్లూరు జిల్లా మునసబు కోర్టులో మనోవర్తికి దరఖాస్తు పెట్టింది. 1946లో డిక్రీ వచ్చింది. డిక్రీ అమలు దగ్గర, 1949 జూలైలో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకు ఇచ్చారు. ఎలా ఇచ్చారు? బతికినంతకాలం అనుభవించాలి, అమ్మకూడదు, ఆమె తదనంతరం తిరిగి వాళ్లకే రావాలి. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తర్వాత ఆమె ఆ ఆస్తిలో కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. 1961లో ఆయన దావా వేశాడు, నీకేం అధికారముందని అమ్మావు అని.

ఇక్కడే మన మాట అసలు పని మొదలుపెడుతుంది. 1956 చట్టం 14వ సెక్షన్‌లో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క ఏమంటుందంటే, హిందూ స్త్రీ దగ్గర ఉన్న ఆస్తికి ఆమె పూర్తి యజమానురాలు. వారసత్వంగా వచ్చినా, పంపకంలో వచ్చినా, మనోవర్తి బదులు వచ్చినా, షరతు లేకుండా కానుకగా వచ్చినా సరే. రెండో ముక్క దానికి మినహాయింపు. దానపత్రంలోనో, వీలునామాలోనో, మరో దస్తావేజులోనో, డిక్రీలోనో పరిమిత హక్కే ఇస్తున్నామని రాస్తే, ఆ పరిమితి అలాగే ఉంటుంది. కాబట్టి కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడింది. 1949లో తులశమ్మకు దొరికింది ఏమిటి? మరిది గారి ఔదార్యమా? అయితే ఆయన పెట్టిన షరతు చెల్లుతుంది. అప్పటికే ఆమెకు ఉన్న హక్కుకు బదులా? అయితే ఆ షరతు చట్టం ముందు ఎగిరిపోతుంది.

హైకోర్టులో ఆమె ఓడిపోయింది. 1977 మార్చి 17న సుప్రీంకోర్టులో గెలిచింది. జస్టిస్ భగవతి, జస్టిస్ గుప్త, జస్టిస్ ఫజల్ అలీ. మనోవర్తి ఎవరి దయా కాదు, అది ముందు నుంచీ ఉన్న హక్కు, ఆ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి మీద కాగితంలో ఎన్ని షరతులు రాసుకున్నా ఆమె సంపూర్ణ యజమానురాలే అన్నారు. 1931 నుంచి 1977 దాకా లెక్కపెట్టండి. 46 ఏళ్లు. ఇచ్చింది దయ కాదు, నాది నాకు ఇచ్చారు అని రుజువు చేసుకోవడానికి ఒక స్త్రీకి పట్టిన కాలం అది. తగవు అక్కడితో తీరిపోయిందని కూడా అనుకోకండి. ఈ రెండు ముక్కల మధ్య గీత సరిగ్గా ఎక్కడ గీయాలన్న ప్రశ్నను 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు పెద్ద ధర్మాసనానికి నివేదించారు.

(ఈ సభలో క్రైస్తవ, ముస్లిం సోదరీమణులూ ఉన్నారు. నేను చెప్పిన సెక్షన్ హిందువుల చట్టంలోది. మీకు వేరే చట్టాలు వర్తిస్తాయి. కానుకా హక్కా అనే తగవు మాత్రం ఏ ఇంటికీ కొత్త కాదు.)

తులశమ్మ నాటికి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు లేదు. మన రాష్ట్రం ఈ విషయంలో దేశానికి ముందు నడిచింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా వచ్చిన సవరణ కూతుర్ని కొడుకుతో సమానంగా సహవారసురాలిని చేసింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను వదిలేసింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ గీత తుడిచేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేదా అన్న పేచీని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. పుట్టుకతో వచ్చే హక్కుకు తండ్రి ఆయుష్షుతో పనిలేదంది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడడానికి లేదు.

చట్టం మారింది కదా, మరి మన ఊళ్లలో ఏం జరుగుతోంది? అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల దస్తావేజులు రాయిస్తున్నారు. తండ్రి పెద్దకర్మ అయిన వారానికి కారు పంపిస్తారు, చీర పెడతారు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్తారు. 'నా సోదరుని యందు గల ప్రేమాభిమానముల చేత' అని రాసిన కాగితం మీద సంతకం. ఎకరం ధర ఎంతో తెలిసిన మనుషులం మనం. అన్నకు చెల్లెలు వదిలేసింది లక్షల్లో ఉంటుంది. ఇంతకంటే లార్జెస్ ఏముంది? అయినా ఎవరైనా ఆమెను వదాన్యురాలు అన్నారా? దాత అని పేరు చెక్కించారా? ఆడపిల్ల అలాగే చేయాలి అన్నారు. చీర పెట్టిన అన్న మాత్రం ఉదారుడు.

ఇక్కడ తెలుగు మాట ఒకటి గుర్తొస్తుంది. త్యాగం. సంస్కృత అమరకోశంలో దానానికి పర్యాయపదాల వరుసలో త్యాగం ఉంది. పాత తెలుగులోనూ త్యాగి అంటే దాత. రాజుల్ని పొగిడేటప్పుడు త్యాగి, భోగి అని కలిపి పొగిడారు. అంటే బాగా ఇస్తాడు, బాగా అనుభవిస్తాడు అని! మగవాడి విషయంలో ఆ మాట ఔదార్యం. ఆడదాని దగ్గరికి వచ్చేసరికి అదే మాట నోరుమూసుకుని వదులుకోవడం అయింది. త్యాగమూర్తి అని ఏ స్త్రీని పిలిచినా, ఆమెకు భోగి అనే రెండో బిరుదు ఎవరూ ఇవ్వలేదు. మనం ఇస్తే ధర్మం, మనకు ఇస్తే దయ. పితృస్వామ్యం నిఘంటువులో ఈ లెక్క ఎప్పుడూ తప్పదు.

ఇక ప్రభుత్వం. రోమన్ ఖజానా అధికారి దగ్గరికి మళ్లీ వస్తానన్నాను కదా. 1979లో బొంబాయి అంతర్జాతీయ విమానాశ్రయంలో హోటలు, చిరుతిళ్ల దుకాణాల టెండరు గురించి ఒక కేసు వచ్చింది. రమణ దయారాం శెట్టి కేసు అంటారు. తీర్పు రాసింది తులశమ్మ కేసులో ఉన్న భగవతి గారే. అందులో 'గవర్నమెంట్ లార్జెస్' అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఉద్యోగాలు, కాంట్రాక్టులు, లైసెన్సులు, కోటాలు ఇవన్నీ ఈ కాలంలో సర్కారు చేతుల మీదుగా వెళ్లే సంపద కాబట్టి, ప్రభుత్వం పాత రాజులాగా నచ్చినవాడికి ఇస్తాను, నచ్చనివాడికి ఇవ్వను అనడానికి వీల్లేదని ఆయన రాశారు. లార్జెస్ అనే మాట వాడుతూనే, దానికున్న ఇష్టారాజ్యాన్ని కత్తిరించారన్నమాట. 1982 డిసెంబరు 17న ప్రభుత్వోద్యోగుల పెన్షన్ మీద నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఇంకో అడుగు వేశారు. పెన్షన్ యజమాని దయతలచి పడేసే 'బౌంటీ' కాదన్నారు. బౌంటీ కూడా లార్జెస్‌కు చుట్టమే. గతంలో చేసిన సేవకు తర్వాత ఇచ్చే ప్రతిఫలం అన్నారు. ఉద్యోగులు ఆ రోజును పెన్షనర్ల దినంగా జరుపుకుంటారు. మంచిదే.

మరి మన వితంతు పింఛను సంగతి? నలభయ్యేళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, పశువుల పాక ఊడ్చి, పిల్లల్ని పెంచి, ముసలివాళ్లకు చేసి, భర్త పోయాక చేతికి అందే పింఛను. అది గతంలో చేసిన సేవకు ప్రతిఫలం కాదా? కాదట. పథకాల పేర్లు చదవండి. 2015లో చంద్రన్న సంక్రాంతి కానుక. 2019 ఎన్నికల ముందు డ్వాక్రా స్త్రీలకు పదివేల చొప్పున ఇచ్చిన డబ్బుకు ఏకంగా 'పసుపు కుంకుమ' అనే పేరు పెట్టారు. 2020 అక్టోబరు 8న మన కంకిపాడు మండలం పునాదిపాడు బడిలో మొదలుపెట్టిన పథకానికి జగనన్న విద్యా కానుక. ఢిల్లీ వాళ్లు తక్కువ తిన్నారా? 2023లో గ్యాసుబండ మీద 200 తగ్గించి రాఖీ కానుక అన్నారు. 2024లో మార్చి 8 చూసుకుని మరో 100 తగ్గించారు. మార్చి 8 పోరాట దినమని మనం ఊరేగింపులు తీస్తుంటే, వాళ్లకు అది అన్నయ్య చీర పెట్టే పండుగలాగా కనిపించింది. ఏ పార్టీ అయినా ఒక్కటే వరస. ప్రతివాడూ మన పుట్టింటివాడే. పుట్టింటివాడు పెట్టిందాన్ని లెక్క అడిగే ఆడపిల్ల ఉంటుందా? అదే వాళ్ల ధీమా.

ఈ పథకాలు వద్దని నేననడం లేదు. పిల్లలకు పుస్తకాలూ, బూట్లూ కావాలి. పింఛను పెరగాలి. పేరు మీదే నా పేచీ. కానుక అన్నాక రేపు జాబితాలోంచి మీ పేరు తీసేస్తే మీరు ఎవరిని నిలదీస్తారు? కానుక ఇవ్వని వాడి మీద ఎవరూ కోర్టుకు వెళ్లరు.

దీనికి అవతలి పక్కన మరో మాట ఉంది, ఉచితం. 2022 జూలైలో ప్రధానమంత్రి ఉచితాలను పండుగ మిఠాయితో పోల్చి, ఆ సంస్కృతి దేశానికి ప్రమాదమన్నారు. అదే ఏడాది సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి. అంతకు ముందు 2013లో తమిళనాడు టీవీలు, మిక్సీల కేసులో మేనిఫెస్టో వాగ్దానాలు లంచం కిందికి రావని అదే కోర్టు అంది. ఇక 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీలకు టికెట్టు లేని బస్సు ప్రయాణం మొదలయ్యాక, ఈ జంక్షన్ టీ కొట్ల దగ్గర ఏం మాట్లాడుకున్నారో మీకు తెలుసు. పనీపాటా లేక తిరుగుతున్నారన్నారు. గన్నవరంలో ఇళ్ల పనికి పోయే మనిషికి, ఏలూరు ఆసుపత్రికి తల్లిని తీసుకెళ్లే కూతురికి మిగిలిన ఆ బస్సు ఛార్జీ ఎవరి సొమ్ము? సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పన్ను కడుతూనే ఉన్నాం. 2017 జూలైలో నెలసరి గుడ్డల మీద కూడా 12 శాతం వేసి, ఏడాది పాటు దేశమంతా గోల చేశాక 2018 జూలైలో తీశారు. మన దగ్గర తీసుకునేటప్పుడు పన్ను, తిరిగి ఇచ్చేటప్పుడు ఉచితం.

తమాషా ఏమిటంటే ఉచితం అనే మాటకు అసలు అర్థం ఊరికే వచ్చేది అని కాదు. తగినది అని. ఔచిత్యం, సముచితం, అనుచితం అనే మాటల్లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఎప్పుడో దారి తప్పి తెలుగులో అది డబ్బు తీసుకోకుండా ఇచ్చేదిగా మారింది. ఎవరైనా మిమ్మల్ని ఉచితాలు తింటున్నారంటే, అవునండీ, తగినదే తింటున్నాం అనండి.

స్త్రీలు ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లే అనే మాట మన జిల్లా చరిత్రలోనే నిలవదు. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో శాసనం వేయించింది. రాణి కాదు, గృహస్థుల ఇంటి స్త్రీ. తాను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో వరసగా చెప్పుకుంది. అందులో కంటకసోలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర కట్టించిన రాతి మండపం ఒకటి. ఆ కంటకసోల మన ఘంటసాలే. ఇక్కడి నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. భర్త పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తోబుట్టువుల పేర్లు అన్నీ పుణ్యంలో వాటాకు కలిపింది. ఇచ్చింది మాత్రం నేను అని చెక్కించింది. అమరావతి స్థూపం రాళ్ల మీద కూడా భిక్షుణుల పేర్లు, ఇల్లాళ్ల పేర్లు, కూతుళ్ల పేర్లు దాతలుగా ఉన్నాయి. ఇవ్వాలంటే ముందు తనదంటూ ఉండాలి కదా. ఆ సొమ్ము వాళ్ల చేతికి ఎలా వచ్చిందో శాసనం చెప్పదు, కానీ అది తమదని లోకం ముందు చెప్పుకోవడానికి వాళ్లు జంకలేదు.

ఇవ్వడం గురించి మరొక్క ముక్క చెప్పాలి. ఎందుకంటే మన దగ్గరికి వచ్చే తగవుల్లో ఇవి బాగా పెరుగుతున్నాయి. తల్లులు తమ పేరున ఉన్న ఇల్లు కొడుక్కో కూతురికో దఖలు పరిచి, ఆరు నెలలు తిరక్కుండా వీధి అరుగు మీదికి వస్తున్నారు. దాన సెటిల్మెంటు ఒకసారి రిజిస్టరయ్యాక మనసు మారిందని రద్దు చేసుకోవడం సామాన్యంగా కుదరదు. అయితే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. అరవై ఏళ్లు దాటిన వాళ్లు, తమను చూసుకోవాలనే షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చు. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడా గొడవ ఆ షరతు దగ్గరే. 2022 డిసెంబరులో ఒక కేసులో అలాంటి షరతు ఉన్నట్టు రుజువు లేదని సుప్రీంకోర్టు తల్లికి వ్యతిరేకంగా చెప్పింది. 2025 జనవరి 2న ఉర్మిళా దీక్షిత్ కేసులో మధ్యప్రదేశ్ తల్లి గెలిచింది. దానపత్రంతో పాటు, చివరిదాకా చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమె దగ్గర ఉంది.

కాబట్టి అక్కలారా, రాయించేటప్పుడు ఆ ఒక్క వాక్యం దస్తావేజులోనే పడాలి. నన్ను తిండికీ, మందులకూ, ఉండటానికీ లోటు లేకుండా చూసుకునే షరతు మీద ఇస్తున్నాను అని. కన్నకొడుకు దగ్గర షరతేమిటి అని రాసేవాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి. అలాగే ఆడపిల్లకు పొలం ఇస్తున్న తల్లులు, తండ్రితో చెప్పి, అది పసుపు కుంకుమ కింద అని కాక ఆమె భాగం కింద అని భాగ పరిష్కార దస్తావేజు రాయించే వీలుందేమో చూడండి. ఆ పొలం అల్లుడి చేతికి వెళ్తే కట్నం, పిల్ల పేరున ఉండి పాసుపుస్తకం పిల్ల పెట్టెలో ఉంటేనే ఆస్తి. విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టమని పిలుపు వస్తే, ఒక్కరూ వెళ్లకండి, చదవకుండా పెట్టకండి. తెలిసే వదులుకుంటానంటే అది మీ ఇష్టం. కానీ ఎన్ని సెంట్లు, సెంటు ఎంత అన్నది అన్నయ్య ఎదుటే పైకి చదివించి, అప్పుడు పెట్టండి.

దస్తావేజులు వెంట తెచ్చిన వాళ్లు భోజనాలయ్యాక ఆ మూల బల్ల దగ్గరికి రండి. మన వకీలు మిత్రులు ఇద్దరు నాలుగింటి దాకా ఉంటారు. నకళ్లు కాదు, అసలు కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా కనుక్కుని చెప్పండి.